మత్తు డాక్టర్ బయటికెళ్తూ "కాస్త చూసుకోండి సిస్టర్" అంటే ఏం చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీది మదనపల్లె. బీఎస్సీ నర్సింగ్ చేసి బెంగళూరులో ఒక చిన్న నర్సింగ్ హోమ్ ఆపరేషన్ థియేటర్‌లో (ఓటీ) స్టాఫ్ నర్సుగా చేస్తున్నారు. అక్కడికి విజిటింగ్‌కి వచ్చే మత్తు డాక్టర్ కేసు మొదలుపెట్టి, పేషెంట్ కుదుటపడ్డాడు అనిపించగానే "కాస్త చూసుకోండి సిస్టర్" అని ఇంకో హాస్పిటల్‌కి వెళ్లిపోతున్నారు. తిరిగొచ్చాక అనస్థీషియా చార్టు మీ చేత నింపించి సంతకం పెడుతున్నారు. తెలుగు పేషెంట్లు వస్తే కన్సెంట్ (వైద్యానికి ఒప్పుకుంటూ పెట్టే సంతకం) కూడా మీ మీదకే నెడుతున్నారు. ఇవన్నీ ఉండగా మీ మనసులో అమెరికా వెళ్లి నర్స్ అనస్థటిస్ట్ (మత్తు ఇచ్చే నర్సు) అవ్వాలని ఉంది. "అక్కడ సీటు ఇంటర్వ్యూలో ఎథిక్స్, ప్రొఫెషనలిజం మీద బాగా అడుగుతారట అక్కా, ఏ పుస్తకం చదవాలి?" అన్నారు.

పుస్తకం సంగతి తర్వాత చూద్దాం చెల్లెమ్మా. మీరు మొదట చెప్పిన విషయాల్లో మీరేం చేస్తున్నారన్నదే చివరి ప్రశ్నకు జవాబు. ఆ ఇంటర్వ్యూలో కూర్చునేవాళ్లు "నైతికత అంటే ఏమిటి" అని నిర్వచనం అడగరు. "పై డాక్టర్ తప్పు పని చెప్తే మీరేం చేశారు?" అని అడుగుతారు. దానికి చెప్పడానికి మీ దగ్గర నిజమైన సంగతి ఒకటి ఉండాలి.

నా గురించి రెండు ముక్కలు. నాది నెల్లూరు. చెన్నైలో చదువుకుని, అక్కడా ఇక్కడా కలిపి ఇరవై ఏళ్లకు పైగా థియేటర్లలోనే ఉన్నాను. ఇప్పుడు బెంగళూరులో ఓటీ ఇన్‌ఛార్జిని. కాబట్టి మీ నర్సింగ్ హోమ్ ఎలా ఉంటుందో చూడకుండానే చెప్పగలను.

ముందు మీ హోదా ఏమిటో తెలుసుకోండి. నర్స్ అనస్థటిస్ట్ అనే రిజిస్ట్రేషన్ మన దేశంలో లేదు. మత్తు ఇవ్వాల్సింది డాక్టరే. అనస్థటిస్టులు దొరకని ప్రభుత్వ ఆసుపత్రుల్లో సిజేరియన్లు ఆగిపోకూడదని ఎంబీబీఎస్ డాక్టర్లకు 18 వారాల ప్రత్యేక ట్రైనింగ్ పెట్టారు. అంత కొరత ఉన్నచోట కూడా ఆ సిరంజి నర్సు చేతికి ఇవ్వలేదు. నర్సులకు ఆపరేషన్ రూమ్ నర్సింగ్‌లో పోస్ట్ బేసిక్ డిప్లొమా ఉంది. బీఎస్సీ అనస్థీషియా టెక్నాలజీ చేసిన పిల్లలు వేరు, వాళ్లు 2021 నాటి అలైడ్ హెల్త్‌కేర్ చట్టం కిందికి వస్తారు. ఎవరైనా సరే, మిషన్ చెక్ చేయడం, మందులు సిద్ధం చేయడం, గొంతులోకి ఊపిరి ట్యూబ్ వేసేటప్పుడు చేతికి అందించడం, మానిటర్ మీద కన్నేయడం, రికార్డు రాయడం, ఇదీ మన పని. మత్తు లోతు పెంచాలా తగ్గించాలా, రిలాక్సెంట్ (కండరాలను వదులుచేసే మందు) ఇంకో డోసు వేయాలా అన్న నిర్ణయం మనది కాదు.

అమెరికాలో కథ వేరు. అక్కడ నర్సులు మత్తు ఇవ్వడం 19వ శతాబ్దం నుంచే ఉంది. మేయో క్లినిక్‌లో ఆలిస్ మెగా అనే నర్సు 14,000కు పైగా కేసుల్లో మత్తు వల్ల ఒక్క చావూ లేదని 1906లో పత్రం రాసింది. ఆ లెక్క చెప్పగలిగిందంటే కారణం, ప్రతి కేసూ పక్కనే కూర్చుని చూసి రాసుకుంది కాబట్టి. అక్కడి నర్స్ అనస్థటిస్టుల సంఘం 1931లో పుట్టింది. మత్తు విషయంలో మనవాళ్లూ తక్కువేం తినలేదు. 1889లో హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్ పరీక్షలు జరిగినప్పుడు క్లోరోఫామ్ ఇచ్చినవాళ్లలో రూపాబాయి ఫర్దూన్‌జీ ఉంది. ప్రపంచంలో మొదటి మహిళా అనస్థటిస్ట్ ఆమేనని చాలామంది అంటారు. అయితే ఆమె డాక్టర్. నర్సుకి ఇక్కడ ఆ దారి తెరుచుకోలేదు.

ఇదంతా ఎందుకంటే, మీ డాక్టర్ బయటికెళ్లిన ఆ ముప్పై నలభై నిమిషాలు మీరు చేస్తున్నది అమెరికాలో డాక్టరేట్ చదివి, లైసెన్సు తీసుకుని చేసే పని. ఆ చదువూ లేదు, ఆ లైసెన్సూ లేదు, ఆ జీతమూ లేదు. కేసు మాత్రం మీ మీద పడుతుంది.

ఎలా పడుతుందో కూడా చెప్తాను, ఇది చాలామంది నర్సులకు తెలియదు. 2024 జులై 1 నుంచి పాత ఐపీసీ 304ఎ స్థానంలో భారతీయ న్యాయ సంహిత 106 సెక్షన్ వచ్చింది. నిర్లక్ష్యం వల్ల మనిషి చనిపోతే ఐదేళ్ల వరకు జైలు. అదే రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ వైద్యం చేస్తుండగా జరిగితే రెండేళ్ల వరకే. ఆ మాటకి అర్థం కూడా సెక్షన్‌లోనే ఇచ్చారు: నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం కింద గుర్తింపు ఉన్న డిగ్రీతో మెడికల్ రిజిస్టర్‌లో పేరున్న డాక్టర్. నర్సులు అందులో లేరు. అంటే ఆ తగ్గింపు డాక్టర్‌కి వర్తిస్తుంది, ఆయన చెప్పిన పని చేసిన మీకు వర్తించదు. "సార్ చెప్పారు, చేశాను" అన్న మాట మిమ్మల్ని ఎంతవరకు కాపాడుతుందో మీరే ఆలోచించండి.

డాక్టర్ల వైపు నుంచి కూడా ఒక మాట అనాలి, లేకపోతే అన్యాయం. బెంగళూరులో విజిటింగ్ అనస్థటిస్టులు ఒక్క రోజులో మూడు నాలుగు నర్సింగ్ హోమ్‌లు తిరుగుతారు. మారతహళ్లిలో ఒక కేసు, బన్నేరుఘట్ట రోడ్‌లో ఇంకొకటి. మధ్యలో సిల్క్ బోర్డ్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే అక్కడ సర్జన్ ఫోన్ మీద ఫోన్. కేసుకింత అని డబ్బు, ఆలస్యమైతే ఆ హాస్పిటల్ ఇంకొకరిని పిలుస్తుంది. ఆ టెన్షన్ నిజమే. కానీ ఆ టెన్షన్ ఖరీదు టేబుల్ మీద పడుకున్న మనిషి ఎందుకు కట్టాలి? పేషెంట్ పక్కన అనస్థటిస్ట్ మొదటి నుంచి చివరి దాకా ఉండాలన్నది చాలా దేశాల ప్రమాణాల్లో మొట్టమొదటి లైను. మానిటర్లు, క్యాప్నోగ్రఫీ (వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ కొలవడం), ఇవన్నీ దాని తర్వాతే.

మరి ఆయన బయటికెళ్లాక సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) పడిపోతే చేతులు కట్టుకుని నిలబడాలా? లేదు. అప్పుడు మీకు వచ్చిందంతా చేయాలి: సర్జన్‌ని ఆపమనాలి, గట్టిగా పిలవాలి, వంద శాతం ఆక్సిజన్ ఇవ్వాలి, ట్యూబ్ కదిలిందేమో, సర్క్యూట్ ఊడిందేమో చూడాలి, అవసరమైతే అంబూ బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి) తీసుకోవాలి. అది అత్యవసరం, అక్కడ మిమ్మల్ని ఎవరూ తప్పుపట్టరు. కానీ ప్రతి మంగళవారం, శుక్రవారం మీరు ఉంటారన్న ధైర్యంతోనే ఆయన వెళ్తున్నారంటే దాన్ని అత్యవసరం అనరు, ఏర్పాటు అంటారు. ఆ ఏర్పాటులో మీరు భాగస్తులు.

ఎలా కాదనాలి? వాదన పెట్టుకోవద్దు, ఎథిక్స్ క్లాసు చెప్పొద్దు. కేసు మొదలయ్యాక చెప్తే ఎవరూ వినరు కాబట్టి మత్తు ఇవ్వకముందే, మిషన్ చెక్ చేస్తున్నప్పుడే మామూలు గొంతుతో చెప్పండి. "సార్, ఇవాళ మీరు మధ్యలో వెళ్లాల్సి ఉంటే ఇంకో అనస్థటిస్ట్‌ని పిలిపించండి. నేను పేషెంట్ పక్కనే ఉంటాను, కానీ మందు ఇవ్వను, డయల్ తిప్పను." ఇదే మాట సర్జన్ వినేటట్టు చెప్పండి, ఎందుకంటే ఏదైనా జరిగితే ఆయన పేరు కూడా ఎఫ్ఐఆర్‌లో ఉంటుంది, ఆయనకి ఆ సంగతి మీకంటే బాగా తెలుసు. మొదటిసారి మొహం మాడ్చుకుంటారు. రెండోసారి మీ డ్యూటీ మారుస్తారు. చాలా చోట్ల మూడోసారికి ఆ డాక్టర్ ఆగడం మొదలవుతుంది. అంతా మంచే జరుగుతుందని నేను అనను. ఒక హాస్పిటల్‌లో ఇలా అన్న అమ్మాయిని వార్డుకి పంపేశారు, ఆ స్థానంలో మాట వినే ఇంకో పిల్లని పెట్టారు. అది తెలిసే చెప్తున్నాను.

ఆయన అయినా వెళ్లిపోతే? మీ నర్సెస్ నోట్స్‌లో టైముతో సహా రాయండి. "7.40కి డాక్టర్ గారు బయటికి వెళ్లారు. 7.42కి సర్జన్‌కి తెలియజేశాను. 8.15కి తిరిగి వచ్చారు." అంతే. "నిర్లక్ష్యంగా వెళ్లారు" అని విశేషణాలు పెట్టొద్దు, కోపం కనిపించొద్దు. గడియారం చెప్పింది రాస్తే చాలు.

ఇక చార్టు. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఇదే, ఎందుకంటే దీన్ని మీరు "చిన్న పనే అనుకోండి" అని రాశారు.

అనస్థీషియా చార్టులో 5 నిమిషాలకొక గడి. పై బీపీకి కిందికి మొన ఉన్న గుర్తు, కింది బీపీకి పైకి మొన, పల్స్‌కి చుక్క. నిజంగా చూసి రాసిన చార్టు ఎలా ఉంటుందో మీకు తెలుసు. ప్రొపోఫాల్ అనే మత్తుమందు వెళ్లగానే బీపీ జారుతుంది. ట్యూబ్ వేసేటప్పుడు పల్స్ ఎగురుతుంది. సిజేరియన్‌లో స్పైనల్ (వెన్నులోకి సూదితో ఇచ్చే మత్తు) ఇచ్చిన కొద్ది నిమిషాలకే పై బీపీ 80కి పడిపోతుంది, పక్కన బీపీ పెంచే మెఫెంటర్మిన్ ఇచ్చినట్టు రాసి ఉంటుంది, తర్వాత గడిలో కాస్త లేస్తుంది. గీత వంకరగా, అక్కడక్కడా కొట్టివేతలతో ఉంటుంది. కేసు అయ్యాక కూర్చుని నింపిన చార్టు రైలు పట్టాల్లా ఉంటుంది: 120, 118, 120, 122, చివరిదాకా. అనుభవం ఉన్న అనస్థటిస్ట్ ఎవరైనా ఒక్క చూపులో పట్టేస్తారు. పైగా మానిటర్‌లో ట్రెండ్ మెమరీ ఉంటుంది. మీ చార్టులో 7.50కి సాచురేషన్ 99 అని ఉండి, మానిటర్‌లో అదే నిమిషంలో 86 ఉందనుకోండి. ఆ తేడా గురించి జవాబు చెప్పుకోవాల్సింది ఆ చేతిరాత ఎవరిదో వాళ్లు.

ఇందులో కేసుల భయం కంటే పెద్ద సంగతి ఒకటుంది. ఆ పేషెంట్ మూడేళ్ల తర్వాత ఇంకో ఆపరేషన్‌కి వస్తే, పోయినసారి మత్తు ఎలా పడింది, ట్యూబ్ కష్టమైందా, ఏ మందుకి బీపీ పడింది అని తెలుసుకోవడానికి ఆ కాగితం ఒక్కటే దిక్కు. అందులో మీరు అల్లిన అంకెలుంటే వచ్చే డాక్టర్ దాన్ని నమ్మి మందు వేస్తారు.

కాబట్టి చూసింది మాత్రమే రాయండి. డాక్టర్ చేయి ఖాళీ లేక మీరు రాస్తున్నారంటే తప్పేం లేదు, అది సాయం. కానీ అప్పటికప్పుడు, మానిటర్ చూస్తూ రాయాలి. ఎమర్జెన్సీలో రాయడానికి వీల్లేక తర్వాత రాస్తే, రాస్తున్న టైము వేసి "తర్వాత రాసినది" అని స్పష్టంగా పెట్టండి. చూడని గడి ఖాళీగా వదిలేయండి. ఖాళీ గడికి సంజాయిషీ చెప్పుకోవచ్చు, కల్పించిన అంకెకి చెప్పుకోలేం.

సర్జికల్ సేఫ్టీ చెక్‌లిస్టు గతీ చాలాచోట్ల ఇంతే. డబ్ల్యూహెచ్ఓ 2008లో తెచ్చిన 19 అంశాల కాగితం అది. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో పెట్టి చూస్తే ఆపరేషన్ తర్వాత మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో అచ్చయింది. మన దగ్గర పేషెంట్ రికవరీకి వెళ్లాక ఒక్క గుక్కలో 19 టిక్కులూ పెట్టేస్తారు. దానికంటే పెట్టకపోవడమే నయం.

మందుల విషయానికొస్తే, ఫెంటనిల్ అనే గట్టి నొప్పి మందుతో మొదలుపెడతాను. 2 ఎంఎల్ ఆంప్యూల్‌లో 100 మైక్రోగ్రాములు. కేసులో 70 ఇచ్చారు, 30 మిగిలింది. ఆ 30 ఎక్కడికి పోయింది? ఎన్‌డీపీఎస్ చట్టానికి (మాదకద్రవ్యాల చట్టం) 2014లో చేసిన సవరణ కింద ఇలాంటి ఆవశ్యక మాదక మందులు నిల్వ ఉంచే ఆసుపత్రి ప్రతి ఆంప్యూల్‌కీ లెక్క చెప్పాలి. మిగిలింది పారబోసేటప్పుడు ఇద్దరుండాలి, ఇద్దరూ కళ్లతో చూసి సంతకం పెట్టాలి. వాస్తవంగా జరిగేది ఏమిటంటే రోజు చివర రిజిస్టర్ తిరుగుతుంది, "సిస్టర్, ఇక్కడ ఒక సైన్" అంటారు, మీరు లంచ్ బాక్సు మూత పెడుతూ సంతకం గీకేస్తారు. చూడనిదానికి సాక్షి సంతకం పెట్టొద్దు. ఎంత స్నేహితురాలైనా సరే.

ఎందుకింత గట్టిగా అంటున్నానంటే, మత్తు విభాగంలో పనిచేసేవాళ్లు ఈ మందులకే బానిసలవడం ప్రపంచమంతా ఉన్న జబ్బు. డాక్టర్లు, నర్సులు, టెక్నీషియన్లు, ఎవరూ దీనికి అతీతులు కారు. చేతికి అందుబాటులో ఉంటుంది, డోసు తెలుసు, వెయిన్ దొరకడం కష్టం కాదు. గుర్తులు ఎలా ఉంటాయంటే: అడక్కుండానే అందరికీ బ్రేక్ ఇస్తానంటారు, పారబోయడానికి ఒంటరిగా వెళ్తారు, రికార్డులో ఫెంటనిల్ దండిగా ఇచ్చినట్టు ఉన్నా ఆ పేషెంట్లు రికవరీలో నొప్పితో అల్లాడిపోతుంటారు. అమెరికా నర్స్ అనస్థటిస్టుల సంఘం దీనికోసమే ప్రత్యేకంగా సహాయ హెల్ప్‌లైన్ నడుపుతుంది. మన దగ్గర పరువు పోతుందని అందరూ కప్పేస్తారు, ఒకరోజు డ్యూటీ రూమ్‌లో తలుపు పగలగొట్టాల్సి వస్తుంది. అనుమానమొస్తే ఆ మనిషితో గొడవపడకుండా ఇన్‌ఛార్జికి చెప్పండి. ఆ మనిషికి వైద్యం కావాలి, ఈలోపు తాళంచెవి ఆ చేతిలో ఉండకూడదు. ప్రొపోఫాల్ అయితే ఎన్‌డీపీఎస్ లెక్కలోకి రాదు, కాబట్టి దానిమీద ఎవరి కన్నూ ఉండదు. మీ హాస్పిటల్‌లో అయినా లెక్క పెట్టించండి.

ప్రొపోఫాల్ మాటొచ్చింది కాబట్టి, మిగిలినదాన్ని తర్వాతి పేషెంట్‌కి వాడమంటే ఒప్పుకోవద్దు. అది నూనె కలిసిన మందు, క్రిములు అందులో బాగా పెరుగుతాయి. ఒక ఆంప్యూల్ ఒక మనిషికే. ఆదా చేయాలనుకుంటే ఓటీలో వేరే చోట్లు బోలెడు.

సిరంజిల మీద లేబుల్ కూడా ఎథిక్సే అంటే నవ్వుతారు. రిలాక్సెంట్‌కి ఎరుపు, ఫెంటనిల్ జాతికి నీలం, ప్రొపోఫాల్, కెటమిన్ లాంటివాటికి పసుపు, మిడజోలామ్‌కి నారింజ అని అంతర్జాతీయంగా రంగులున్నాయి. స్టిక్కర్లు కొనకపోతే ప్లాస్టర్ ముక్క మీద పెన్నుతో రాయండి, కానీ రాయకుండా ట్రేలో పెట్టొద్దు. వెక్యురోనియం అనే రిలాక్సెంట్ కలిపిన సిరంజి, సెలైన్ సిరంజి పక్కపక్కన పెడితే దేవుడు కూడా గుర్తుపట్టలేడు. స్పైనల్‌కి వాడే బ్యూపివకెయిన్ బదులు రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ ఆమ్లం వెన్నులోకి వెళ్లిపోయిన కేసులు వస్తుంటే డబ్ల్యూహెచ్ఓ 2022లో ప్రత్యేకంగా హెచ్చరిక జారీ చేసింది. రెండూ ప్రసవం గదిలో ఉండేవే, ఆంప్యూళ్లూ ఒకేలా కనిపిస్తాయి. ట్రానెక్సామిక్‌ని స్పైనల్ ట్రే దగ్గరికే రానీయకండి. ఆంప్యూల్ పగలగొట్టేముందు పేరు పైకి చదివి డాక్టర్‌కి చూపించండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

పొరపాటు జరిగిపోతే వెంటనే చెప్పాలా అన్నది మీరు అడగలేదు కానీ ఇంటర్వ్యూలో తప్పకుండా వస్తుంది. అమెరికాలో నాష్‌విల్ నగరంలో 2017 డిసెంబర్‌లో ఒక నర్సు, స్కాన్‌కి భయపడుతున్న పెద్దావిడకి భయం తగ్గించే మిడజోలామ్ ఇవ్వబోయి వెక్యురోనియం ఇచ్చేసింది. మందుల అల్మారా మెషీన్‌లో మిడజోలామ్ బ్రాండు పేరు వెర్సెడ్‌లోని మొదటి రెండు ఇంగ్లీషు అక్షరాలు కొడితే వెక్యురోనియం వచ్చింది, హెచ్చరికలు దాటేసింది. పేషెంట్ చనిపోయింది. తప్పు తెలిసిన వెంటనే ఆమె తానే ఒప్పుకుంది. అయినా 2022 మార్చిలో జ్యూరీ ఆమెను క్రిమినల్ నేరంలో దోషి అంది, మే నెలలో మూడేళ్ల ప్రొబేషన్ వేశారు. ఆ తీర్పు చూసి ప్రపంచంలో సగం మంది నర్సులు "ఇక నోరు విప్పితే జైలే" అనుకున్నారు. నాకూ ఆ తీర్పు నచ్చలేదు. కానీ మత్తులో ఉన్న పేషెంట్ విషయంలో దాచడానికి వ్యవధి ఉండదు. రిలాక్సెంట్ తప్పు మనిషికి వెళ్తే ఊపిరి ఆగేది నిమిషాల్లోనే, మీరు చెప్పిన క్షణం నుంచే బ్యాగ్ పట్టుకోవడం మొదలవుతుంది. తర్వాత మీకేం జరుగుతుందన్నది రెండో ప్రశ్న.

కన్సెంట్ దగ్గరికి వద్దాం. హిందూపురం, కుప్పం, మదనపల్లె నుంచి వచ్చేవాళ్లు సరే, కోలారు, చింతామణి వైపు నుంచి వచ్చేవాళ్లలోనూ ఎంతోమంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఫారం కన్నడలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. డాక్టర్‌కి తెలుగు రాదు. "సిస్టర్, వాళ్లకి చెప్పి సైన్ తీసుకోండి." మీరు వెళ్లి ఏమంటారు? "ఏం కాదమ్మా, నడుముకి చిన్న సూది, చీమ కుట్టినట్టు ఉంటుంది, ఇక్కడ సంతకం పెట్టు." ఆమె భయపడకూడదని ప్రేమతోనే అంటారు. కానీ ఆమె ఒప్పుకున్నది దేనికో ఆమెకే తెలియదు.

కన్సెంట్ తీసుకోవాల్సింది డాక్టర్. మీరు భాష మార్చి చెప్పేవాళ్లు, కావాలంటే సాక్షి. ఆయన పక్కన నిలబడి చెప్తుంటే మీరు తెలుగులో చెప్పండి, ఆయన చెప్పిన రిస్కు తగ్గించొద్దు, పెంచొద్దు, పేషెంట్ అడిగింది ఆయనకి పూర్తిగా చేరవేయండి. "సూది వేస్తే జన్మంతా నడుం నొప్పే అంటారు కదా" అని అడగని ఆడమనిషి ఉండదు. దానికి మీ సొంత జవాబు ఇవ్వకుండా డాక్టర్‌నే చెప్పమనండి. తర్వాత "మీకేం అర్థమైందో ఒకసారి చెప్పండి" అని అడగండి. రెండు నిమిషాల పని.

మత్తులో ఉన్న మనిషి తరఫున బయట కూర్చున్నవాళ్ల సంతకం తెచ్చేస్తే చాలదు అన్నదానికి సమీరా కోహ్లీ కేసు ఉంది, సుప్రీంకోర్టు 2008 తీర్పు. లాపరోస్కోపీతో చూద్దామని మత్తిచ్చారు, మధ్యలో అసిస్టెంట్ బయటికొచ్చి తల్లి చేత ఒప్పించుకుంది, గర్భసంచి తీసేశారు. ప్రాణం మీదకొచ్చిన పరిస్థితి కాదు, పేషెంట్ మేజర్, మెలకువ వచ్చాక ఆమెనే అడగొచ్చు, కాబట్టి తల్లి సంతకం చెల్లదు అంది కోర్టు. ఈసారి ఎవరైనా మిమ్మల్ని ఫారంతో బయటికి పంపితే ఆ అసిస్టెంట్ గుర్తుకు రావాలి.

ఉపవాసం విషయంలో కూడా భాష తెలిసిన నర్సే దిక్కు. డాక్టర్ "తిన్నారా?" అంటే తల అడ్డంగా ఊపుతారు. మీరు "పొద్దున టీ అయినా తాగారా పెద్దమ్మా?" అంటే "టీ తాగినా తల్లీ, రెండు బిస్కెట్లు ముంచుకున్నా, అదేం తిండి" అని అసలు సంగతి బయటపడుతుంది. పాలు పోసిన టీ, బిస్కెట్ అంటే ఆరు గంటలు ఆగాలి. నీళ్లయితే రెండు గంటలు. అప్పుడు సర్జన్ గడియారం చూసుకుంటూ నిలబడి ఉంటాడు. ఆ బిస్కెట్ సంగతి మింగేయాలనిపిస్తుంది. మింగొద్దు.

స్పైనల్ కేసుల్లో పేషెంట్ మెలకువగా ఉంటారని చాలామంది మర్చిపోతారు. తెర ఇవతల ఒక అమ్మ కళ్లు తెరుచుకుని పైకప్పు చూస్తుంటుంది, తెర అవతల ఆమె ఒంటి గురించి, బరువు గురించి కన్నడలో, తెలుగులో జోకులు. ఒకావిడ రికవరీలో నా చెయ్యి పట్టుకుని, "నాకు కన్నడ కూడా వస్తాది సిస్టర్" అని మాత్రమే అంది. ఆరోజు కేసులో ఉన్నవాళ్లందరినీ కూర్చోబెట్టి ఆ ఒక్క వాక్యం చెప్పాను, ఇంకేం చెప్పలేదు. ఓటీలో ఫోన్‌తో ఫొటోలు, రీల్స్ సంగతి చెప్పక్కర్లేదనుకుంటాను.

డిశ్చార్జి రోజు చేతిలో పెట్టే ఐదొందలు తీసుకోవద్దు. మందుల కంపెనీ వాళ్ల గిఫ్టులూ అంతే. మీ పేరు పక్కన "అనస్థటిస్ట్" అని ఎక్కడా రాసుకోవద్దు, ప్రొఫైల్‌లో కూడా. పేషెంట్ మిమ్మల్ని "డాక్టరమ్మా" అంటే నవ్వి "నేను నర్సుని" అనండి. అమెరికా సంఘం 2021లో తన పేరులోకి "అనస్థీషియాలజీ" అన్న మాట తెచ్చుకుంటేనే అక్కడి డాక్టర్ల సంఘం గట్టిగా అభ్యంతరం చెప్పింది. పేషెంట్‌కి తన తల దగ్గర ఉన్నది ఎవరో తెలిసి తీరాలన్నది ఆ గొడవలో రెండు పక్షాలూ కాదనలేని మాట.

ఫిర్యాదు ఎక్కడ చేయాలి? ముందు లోపల, రాతపూర్వకంగా, నర్సింగ్ సూపరింటెండెంట్‌కి. కాపీ మీ దగ్గర ఉంచుకోండి, కానీ పేషెంట్ రికార్డు ఫొటో తీసి ఇంటికి తీసుకెళ్లొద్దు, అది ఇంకో తప్పు. లోపల పని జరగకపోతే కర్ణాటకలో ప్రైవేటు ఆసుపత్రులన్నీ 2007 నాటి కేపీఎంఈ చట్టం కింద రిజిస్టరై ఉండాలి, జిల్లాలో డిప్యూటీ కమిషనర్ అధ్యక్షతన ఫిర్యాదులు వినే అథారిటీ ఉంది. అక్కడిదాకా వెళ్లేముందు ఇంకో ఉద్యోగం చూసి పెట్టుకోండి, ఇది పిరికితనం కాదు, ఇంటికి డబ్బు పంపాల్సిన మనిషికి ఉండాల్సిన తెలివి. ఒరిజినల్ సర్టిఫికెట్లు హాస్పిటల్‌లో ఇచ్చి ఉంటే ముందు అవి వెనక్కి తీసుకోండి. ఏదో వెరిఫికేషన్‌కి కావాలని అడగండి, అమెరికా పేపర్లకి ఎలాగూ కావాలి.

అమెరికా సంగతి చివర్లో పెట్టాను, ఎందుకంటే అది అందరూ అనుకునేంత దగ్గరి దారి కాదు. ముందు ఎన్‌క్లెక్స్ (అక్కడి నర్సు లైసెన్సు పరీక్ష) పాసై, అక్కడి రాష్ట్రంలో ఆర్ఎన్ (రిజిస్టర్డ్ నర్సు) లైసెన్సు తీసుకుని పనిలో చేరాలి. తర్వాత కనీసం ఏడాది క్రిటికల్ కేర్‌లో చేయాలి. ఆ ఏడాది అమెరికా ఆసుపత్రుల్లో చేసిందే లెక్కలోకి వస్తుంది, మన ఓటీ అనుభవం ఎంతున్నా దాని కింద చూపించడానికి వీల్లేదు. 2022 నుంచి చేరేవాళ్లందరికీ కోర్సు డాక్టరేట్ స్థాయిలోనే ఉంటుంది, దాదాపు మూడేళ్లు, ఫుల్ టైం, ఉద్యోగం చేస్తూ చదవడం దాదాపు కుదరదు. ఆ తర్వాత నేషనల్ సర్టిఫికేషన్ పరీక్ష. కాబట్టి ఇప్పుడు మీరు చేయగల పని, ఓటీ వదిలి వెంటిలేటర్లు, ఇన్ఫ్యూషన్లు నడిచే మంచి ఐసీయూలోకి మారడం. అక్కడ ఐసీయూ ఉద్యోగం దొరకాలంటే ఇక్కడి ఐసీయూ చేయి పనికొస్తుంది. పెద్ద హాస్పిటల్స్‌లో ఐసీయూకి ఖాళీలు ఎప్పుడూ ఉంటాయి, నైట్ డ్యూటీలు ఎక్కువని ఎవరూ నిలవరు. ఇంటర్వ్యూకి చదవాలంటే అమెరికా నర్స్ అనస్థటిస్టుల సంఘం నైతిక నియమావళి చాలు, కొద్ది పేజీలే, వాళ్ల వెబ్‌సైట్‌లో ఉంటుంది. ఎన్‌క్లెక్స్‌కి చదవడం ఈ నెలే మొదలుపెట్టండి, రాష్ట్రాన్ని బట్టి పేపర్ల పరిశీలనకే నెలలు పడుతుంది.